కరెంటు పోయే ఒక్క క్షణం: ధ్వని, వెలుతురు, విజువల్ ఎఫెక్ట్స్ కలిపి సన్నివేశాన్ని కట్టే పద్ధతి

ఒక సన్నివేశానికి సంబంధించిన ధ్వనిని, వెలుతురును, విజువల్ ఎఫెక్ట్స్‌ను సాధారణంగా మూడు వేర్వేరు దశల్లో ఆలోచిస్తారు. వెలుతురు సంగతి షూటింగ్ నాటి ఉదయం, ధ్వని సంగతి ఎడిటింగ్ పూర్తయ్యాక, ఎఫెక్ట్స్ సంగతి అన్నిటికన్నా చివర, మిగిలిన డబ్బును బట్టి తేలుతుంది. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో నలుగురైదుగురు మిత్రులు కలిసి తక్కువ ఖర్చుతో తీసే లఘుచిత్రాలకు ఈ అలవాటు వల్ల కలిగే నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే తప్పిపోయినదాన్ని తిరిగి తీసుకునే వెసులుబాటు వారికి ఉండదు. ఈ మూడింటినీ కెమెరా పెట్టె తెరవకముందే, ఒకే చోట కూర్చుని, ఒకే కాగితం మీద నిర్ణయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. దాన్ని ఆచరణలో చూపడానికి ఒకే ఒక సన్నివేశాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తాను.

సన్నివేశం ఇది. సిరిసిల్లలో ఒక చిన్న ఇల్లు. ముందు గది, దాని వెనుక గోడకు ఆనుకుని సాంచాల (మరమగ్గాల) షెడ్డు. ఎంగిలిపూల బతుకమ్మ నాటి రాత్రి 8 గంటలు. యాభై దాటిన తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రియాద్ నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తాడు. సాంచాల మోతలో అతని మాట ఆమెకు సగమే అందుతుంది. "వినవడ్తలేదు బిడ్డా, జర గట్టిగ జెప్పు" అంటూ నవ్వుతూనే ఉంటుంది. ఇంతలో కరెంటు పోతుంది, సాంచాలు ఆగుతాయి, అప్పటికే గొంతు పెంచి మాట్లాడుతున్న కొడుకు వాక్యం ఆ నిశ్శబ్దంలోకి వచ్చి పడుతుంది: "ఈ యేడు గూడ రాలేనవ్వా."

1. సన్నివేశం ఎవరిదో ముందుగా తేల్చుకోండి

ఈ సన్నివేశం తల్లిది. కాబట్టి ప్రేక్షకుడు ఆమె కూర్చున్న చోటి నుంచే వినాలి, ఆమెకు ఎంత తెలుస్తుందో అంతే తెలుసుకోవాలి. కొడుకు ఉన్న గదిలోకి కెమెరా వెళ్లకూడదు, అతని గొంతు ఫోన్ స్పీకరులోంచి తప్ప మరో రకంగా వినిపించకూడదు. ఈ ఒక్క నిర్ణయంతో ధ్వని విభాగం చేయవలసిన పనిలో సగం తేలిపోతుంది.

తరువాత ఒక కాగితం మీద మూడు అడ్డవరుసలు గీసి, ధ్వని, వెలుతురు, ఎఫెక్ట్స్ అని రాయండి. నిలువు గళ్లలో సన్నివేశంలోని ఘట్టాలను రాయండి: కాల్ రావడం, మాట వినిపించకపోవడం, కరెంటు పోవడం, కొడుకు మాట తెలియడం, కాల్ ముగియడం. ప్రతి గడిలోనూ ఆ ఘట్టంలో ఆ విభాగం ఏం చేస్తుందో ఒక వాక్యంలో నింపండి. ఎక్కడైనా మూడు గళ్లలోనూ ఒకే మాట కనిపిస్తే, ఉదాహరణకు దుఃఖం తెలిసిన క్షణంలో విషాద సంగీతం, నీలి వెలుతురు, కిటికీ మీద కంప్యూటరులో పుట్టించిన వాన మూడూ రాసి ఉంటే, అందులో రెండింటిని కొట్టేయండి. ప్రేక్షకుడికి ఒకసారి తెలిసిన విషయాన్ని మరో రెండు దారుల్లో చెప్పడం అతని మీద నమ్మకం లేకపోవడమే.

ఈ కాగితం నింపుతున్నప్పుడే మనకు ఒక ప్రకృతి సత్యం తోడు వస్తుంది. ఫీడర్ (వీధికి కరెంటు తెచ్చే ప్రధాన లైను) మీద కరెంటు పోయినప్పుడు వీధి వీధంతా ఒకేసారి చీకటవుతుంది. కాంతి వేగం ముందు ఆ వీధి పొడవు లెక్కలోకి రాదు. ధ్వని మాత్రం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. అంటే వెనుక షెడ్డులోని సాంచాల మోత వెంటనే ఆగినా, 115 మీటర్ల దూరంలోని షెడ్డు మోత తల్లి చెవిలో ఆగడానికి మూడో వంతు సెకను, 345 మీటర్ల దూరంలోని షెడ్డు మోత ఆగడానికి పూర్తి సెకను పడుతుంది. చీకటి ఒక్కసారిగా పడుతుంది, నిశ్శబ్దం మాత్రం దగ్గర నుంచి దూరానికి అలలా వెనక్కి తగ్గుతూ పోతుంది. తల్లి ముఖంలో నవ్వు ఇంకా చెరగని ఆ ఒక్క సెకనే మన సన్నివేశానికి ప్రాణం. దీన్ని షూటింగ్‌కు ముందే కాగితం మీద రాసుకోకపోతే ఎడిటింగ్ బల్ల దగ్గర ఎవరికీ తట్టదు, తట్టినా అందుకు కావలసిన ధ్వనులు చేతిలో ఉండవు.

2. స్థలాన్ని కళ్లతో పాటు చెవులతోనూ చూడండి

లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు ఫోటోలు తీసే ముందు ఆ గదిలో అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. సన్నివేశం జరిగే వేళకే వెళ్లాలి, పగటి పూట విన్న ఇల్లు రాత్రి అదే విధంగా వినిపించదు. ఫ్రిజ్ మోత, పక్కింటి టీవీ, వీధికుక్కలు, దూరంగా వెళ్లే లారీలు, బల్లి అరుపు ఏవి వినిపిస్తున్నాయో రాసుకోండి. వాటిలో షూటింగ్ నాడు ఆపగలిగినవి, ఆపలేనివి, సన్నివేశానికి పనికివచ్చేవి విడదీయండి.

గది స్వభావాన్ని కూడా అప్పుడే గమనించాలి. చేతులు ఒకసారి చరిస్తే చాలు, బోసి గోడల గది అయితే ఆ చప్పుడు మోగుతుంది. నేసిన బట్ట తానులు గోడవారగా పేర్చిన గది అయితే ఆ తానులు ధ్వనిని మింగేస్తాయి, మాట పొడిగా, దగ్గరగా వినిపిస్తుంది. మన సన్నివేశానికి రెండవ రకం గదే మేలు, ఎందుకంటే మోత ఆగిన తరువాతి నిశ్శబ్దం అందులో మరింత దట్టంగా ఉంటుంది. వేయిస్తంభాల గుడి, రామప్ప, ఓరుగల్లు కోట వంటి చోట్ల తీయాలనుకునేవారు ఇందుకు పూర్తిగా భిన్నమైన పరిస్థితిని ఎదుర్కొంటారు. రాతి మండపాల్లో ప్రతి మాటకూ తోక వస్తుంది, పైగా అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు కనుక అనుమతి ముందుగా తీసుకోవాలి.

సిరిసిల్ల దాకా వెళ్లడం కష్టమని వరంగల్ కొత్తవాడలో చేతిమగ్గం చప్పుడు రికార్డు చేసి సాంచాల బదులు వాడుదామనే ఆలోచన కొందరికి వస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. చేతిమగ్గం నేసేవాడి కాలి, చేతి లయను బట్టి నడుస్తుంది. సాంచా మోటారు లయతో నిమిషానికి నూరు దెబ్బలు దాటి కొడుతుంది. ఆ రెండింటి తేడా తెలిసినవారు కరీంనగర్ ప్రాంతంలో వేలల్లో ఉన్నారు, మనం ఎవరి జీవితాన్ని చూపుతున్నామో వారి చెవికే అది మొదట పట్టుబడుతుంది.

3. సాంచాల ధ్వనిని దూరాల వారీగా రికార్డు చేయండి

రికార్డరును 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫార్మాట్‌లో పెట్టండి. సాంచాల షెడ్డులో ధ్వని 90 డెసిబెల్స్ దాటుతుంది, అందువల్ల రికార్డు చేసేవారు చెవులకు ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాలి, కండువాలు, వదులు చొక్కాలతో యంత్రాల దగ్గరికి వెళ్లకూడదు. ఇన్‌పుట్ స్థాయిని బాగా తగ్గించి, నాడె (పోగును అటూ ఇటూ మోసే కండె పెట్టె) విసిరినప్పటి గట్టి దెబ్బలు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. పరిమితి దాటి చిరిగిన ధ్వనిని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

నాలుగు చోట్ల, ఒక్కో చోట కనీసం రెండు నిమిషాల చొప్పున రికార్డు చేయండి: షెడ్డు లోపల, షెడ్డు గుమ్మంలో, గోడకు ఇవతల తల్లి కూర్చునే చోట, వీధి చివర. గోడ అవతలి ధ్వనిని షెడ్డులో రికార్డు చేసిన దాన్నే వాల్యూమ్ తగ్గించి సాధించవచ్చని అనుకుంటారు. అది పొరపాటు. గోడ హెచ్చు పౌనఃపున్యాలను (సన్నని, పదునైన ధ్వనులను) ఎక్కువగా ఆపుతుంది, కింది పౌనఃపున్యాలను (బరువైన ధ్వనులను) తక్కువగా ఆపుతుంది. ఇవతలికి నాడె టకటక మెత్తబడి, నేల గుండా వచ్చే గుబగుబ మిగులుతుంది. ఫిల్టరుతో ఆ తేడాను అనుకరించవచ్చు గానీ, అసలు గదిలోనే పట్టుకున్న ధ్వనిలో కిటికీ రెక్క అదురు, గూట్లో గిన్నె గలగల కూడా కలిసి వస్తాయి. అవి మనం ఊహించి చేర్చగలిగినవి కావు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆగే ధ్వని. షెడ్డు యజమానిని అడిగి, స్విచ్ కట్టేసినప్పుడు సాంచా ఎలా ఆగుతుందో నాలుగు చోట్ల నుంచీ పట్టుకోండి. మోటారు వేగం అణగేలోపు పడే చివరి దెబ్బలు, ఆ తరువాత ఇనుము కుదురుకునే చిన్న కిర్రుమనడం, ఇవే ఆ క్షణాన్ని నమ్మిస్తాయి. కార్మికుడికి నేసినదాన్ని బట్టే కూలి వస్తుంది కాబట్టి మన కోసం సాంచాలు ఆపించిన సమయానికి తగిన పైకం ఇవ్వడం మరిచిపోకూడదు.

4. మాటలను మోత లేనప్పుడు, మోత ఉన్నట్టుగా పలికించండి

సాంచాలు నడుస్తుండగా సంభాషణ రికార్డు చేయలేము, నేల అదురు వల్ల ట్రైపాడ్ మీది కెమెరా కూడా కదులుతుంది. కనుక చిత్రీకరణ అంతా సాంచాలు ఆపిన వేళలోనే జరగాలి. అయితే నిశ్శబ్దంగా ఉన్న గదిలో నటి సహజంగానే మామూలు గొంతుతో మాట్లాడుతుంది. తరువాత వెనుక మోత కలిపితే ఆమె మాట తేలిపోతుంది, అబద్ధమనిపిస్తుంది. చుట్టూ చప్పుడు పెరిగినప్పుడు మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, అక్షరాలను సాగదీస్తాడు, ముఖ కండరాలను ఎక్కువగా కదిలిస్తాడు. దీన్ని నటనతో తెచ్చుకోవడం కష్టం. సులువైన మార్గం ఏమిటంటే, కెమెరాకు కనిపించని వైపు చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టి మనం రికార్డు చేసిన సాంచాల మోతనే ఆమెకు వినిపించడం. కరెంటు పోయే క్షణంలో ఆ మోతను నిజంగానే ఆపేయండి. ఆమె కళ్లలో కలిగే మార్పు ఏ దర్శకుడూ చెప్పి చేయించగలిగింది కాదు.

కొడుకు పాత్రధారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది, ఒక చిన్న తేడాతో. అతను ఫోనులో సాంచాల మోత వింటూ అరిచి మాట్లాడుతున్నాడు. ఇంటర్నెట్ కాల్‌లో మాట కొద్దిగా ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇక్కడ మోత ఆగిన సంగతి అతనికి వెంటనే తెలియదు. అందువల్ల ఆ చివరి వాక్యాన్ని అతను అరుస్తూనే పూర్తిచేయాలి. మెల్లగా, బాధగా చెప్పవలసిన మాట పెద్ద గొంతుతో వచ్చి నిశ్శబ్దంలో పడినప్పుడు అది తల్లికి ఎంత గట్టిగా తగులుతుందో ప్రేక్షకుడికీ అంత గట్టిగా తగులుతుంది.

మైకు తల్లి నుదుటికి పైన, ఫ్రేములో పడకుండా వీలైనంత దగ్గరగా బూమ్ (పొడవాటి కర్ర) మీద ఉండాలి. బట్టలకు తగిలించే చిన్న మైకులు బీడీ ఆకు గలగలను, చీర రాపిడిని ఎక్కువగా పట్టుకుంటాయి. అందరూ కదలకుండా నిలబడి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేసుకోవడం తప్పనిసరి. షాట్ల మధ్య అతుకులు కనిపించకుండా చేసేది అదే. మన పరిశ్రమలో సంభాషణలన్నీ తరువాత డబ్బింగ్ చెప్పించే అలవాటు చాలాకాలం సాగింది. ఈ సన్నివేశానికి మాత్రం షూటింగ్‌లో పలికిన గొంతునే ఉంచాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే ఆగిన మోతకు ఉలిక్కిపడ్డ ఊపిరి స్టూడియోలో తిరిగి రాదు.

5. ముందు చీకటిని కొలవండి, ఆ తరువాతే వెలుతురును

కరెంటు పోవడం ఒకే షాట్‌లో జరుగుతుంది కనుక ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ చేతి నియంత్రణలో స్థిరంగా ఉండాలి. ఇక్కడ చాలామంది ముందుగా ట్యూబ్‌లైట్ వెలుతురుకు కెమెరాను సరిపెడతారు. లైటు ఆర్పగానే తెర నల్లగా మిగులుతుంది. క్రమాన్ని తిరగవేయండి. ముందుగా గదిని చీకటి చేసి, ఫోన్ వెలుతురులో తల్లి ముఖం ఎంత కనిపించాలో అంతకు ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టుకునే తీరు), అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) నిర్ణయించుకోండి. ఆ తరువాత ట్యూబ్‌లైట్ వెలిగించి, అది మరీ తెల్లబోకుండా బటర్ పేపర్ పొరలు చుట్టి తగ్గించుకుంటూ రండి. రెండింటి మధ్య మూడు స్టాపుల తేడా, అంటే ఎనిమిది రెట్ల వెలుతురు తేడా ఉంటే కరెంటు పోయినట్టు స్పష్టంగా తెలుస్తుంది, ముఖమూ దక్కుతుంది. వేడెక్కే పాతరకం బల్బులకు మాత్రం కాగితం చుట్టకూడదు, అంటుకుంటుంది.

సెకనుకు 24 ఫ్రేముల వేగంతో తీస్తున్నప్పుడు షట్టరును 1/50 దగ్గర పెట్టండి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది, దాని మీద వెలిగే దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/50 సెకనులో సరిగ్గా రెండు మినుకులు పూర్తవుతాయి కాబట్టి ఫ్రేము ఫ్రేముకూ వెలుతురు సమానంగా పడుతుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ తెరలు ఈ లెక్కకు లొంగకుండా చారలు చూపవచ్చు, అందుకే ఒక రోజు ముందే పరీక్షించి చూడాలి.

కాల్ రాకముందు గదిలో ఉన్నది నెత్తిమీది ట్యూబ్‌లైట్ ఒక్కటే అన్నట్టుగా ఉండాలి. అది సుమారు 6500 కెల్విన్ల చల్లని తెలుపు. పైనుంచి పడే వెలుతురు కళ్ల కింద గుంటలు తెస్తుంది, అవి కొంత ఉండనివ్వండి, బీడీల పనిలో గంటల తరబడి వంగి కూర్చున్న మనిషి అలసట అందులో తెలుస్తుంది. పూర్తిగా మసకబారకుండా చాట పక్కన ఒక థర్మాకోల్ షీటు పరిచి కాస్త వెలుతురును కళ్లలోకి తిప్పితే చాలు. అందంగా కనిపించాలని మూడు వైపుల నుంచీ లైట్లు పెడితే ట్యూబ్ ఆరిపోయాక అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్న మిగులుతుంది.

6. కరెంటు పోయాక వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది?

రాత్రి అనగానే కిటికీలోంచి నీలి వెన్నెల వేయడం ఒక అలవాటుగా మారింది. మన సన్నివేశంలో అది పెద్ద తప్పవుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు వస్తుంది. ఆ రాత్రి చంద్రుడు ఉండడు. తెలంగాణలో బతుకమ్మ ఆడిన ప్రతి ఆడబిడ్డకూ ఆ సంగతి తెలుసు. తిథిని చూడకుండా వెలుతురు వేసిన సన్నివేశం వారి ముందు మొదటి క్షణంలోనే నమ్మకం పోగొట్టుకుంటుంది.

అప్పుడు మిగిలే వెలుతురు ఫోన్ తెర ఒక్కటే, దాని రంగు తెరలోని బొమ్మను బట్టి ఉంటుంది. సౌదీ అరేబియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 8 అయితే రియాద్‌లో సాయంత్రం 5:30, ఆ రుతువులో అక్కడ సూర్యుడు అస్తమించబోతున్న వేళ. కొడుకు ముఖం మీద పడుతున్న ఆ నారింజ ఎండ ఫోన్ తెర గుండా తల్లి ముఖం మీద పడుతుంది. అంటే సిరిసిల్ల చీకట్లో ఆమెను వెలిగిస్తున్నది కొడుకు ఉన్న చోటి పొద్దు. చల్లని వెలుతురులో మాట అందలేదు, వెచ్చని వెలుతురులో అందిన మాట ఆమెను ఒంటరిని చేసింది. ఏ సంగీతమూ అవసరం లేకుండా ఈ భావాన్ని వెలుతురే మోస్తుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను 5000 కెల్విన్ల దగ్గర ఉంచితే ట్యూబ్ కాస్త నీలంగా, ఫోన్ వెలుతురు వెచ్చగా రెండూ నిలుస్తాయి.

ఫోన్ అసలు వెలుతురు బలహీనం, దానికి తోడుగా 3200 కెల్విన్లకు పెట్టిన చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ కావాలి. అది ఎంత దూరంలో ఉండాలన్నది కీలకం. దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోన్ ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో, గోడ ముఖానికి 3 మీటర్లు వెనుక ఉంటే గోడ మీద పడే వెలుతురు ముఖం మీది దానిలో నూటఇరవయ్యో వంతు మాత్రమే, గోడ నల్లగా మునిగిపోతుంది. అదే ప్యానెల్‌ను సౌకర్యం కోసం 2 మీటర్ల దూరంలో స్టాండు మీద పెడితే గోడకు ఆరో వంతు వెలుతురు చేరుతుంది, అది ఫోన్ వెలుతురు కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. కాబట్టి ప్యానెల్ ఫోన్ వెనుకనే, చాట అంచున దాగి ఉండాలి. తల్లికి కళ్లద్దాలు ఉంటే మరీ మంచిది, వాటిలో కనిపించే చిన్న నారింజ చతురస్రం చీకటి ఫ్రేముకు కన్నులా పనిచేస్తుంది.

ఫోన్ తెరకు ఆకుపచ్చ రంగు పెట్టి తరువాత బొమ్మ మార్చుదామనుకోవడం ఇక్కడ పనికిరాదు, ముఖమంతా ఆకుపచ్చ అవుతుంది. కొడుకు దృశ్యాన్ని ముందుగానే చిత్రీకరించి ఆ వీడియోనే ఫోనులో నడిపించండి. ఎఫెక్ట్స్‌తో చేయగలిగిన ప్రతిదాన్నీ ఎఫెక్ట్స్‌తోనే చేయాలన్న నియమం లేదు.

7. కిటికీ అవతలి వీధి

ఎఫెక్ట్స్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. ఫ్రేములో ఎడమవైపు కిటికీ, అందులోంచి వీధిలోని ఇళ్ల దీపాలు కనిపిస్తాయి. కరెంటు పోయినప్పుడు అవన్నీ ఆరాలి. వీధి మొత్తాన్ని మన కోసం ఆర్పించలేము కనుక ఒకే ఫ్రేమును రెండుసార్లు తీసి కలపాలి.

కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, కాళ్లకు ఇసుక సంచులు కట్టి, చిత్రీకరణ పూర్తయ్యే దాకా ఎవరూ తాకకుండా చూడండి. సన్నివేశంలోని రాత్రి 8 గంటలకే, ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక దీపాలున్న వీధిని నటితో సహా తీయండి. సంధ్యవేళ తీస్తే ఆకాశంలో నీలం మిగిలి వేళ తప్పుతుంది. అర్ధరాత్రి దాటి ఇళ్ల దీపాలు ఆరిపోయాక అదే ఎక్స్‌పోజర్‌తో అదే ఫ్రేమును మళ్లీ అరనిమిషం తీయండి. వీధిదీపం వెలుగుతూనే ఉంటే దాని వెలుతురును ఎడిటింగ్‌లో తగ్గించవలసి వస్తుంది, కాబట్టి దీపం తిన్నగా కనిపించని కోణాన్ని ముందే ఎంచుకోవడం తెలివైన పని.

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఉన్న ఫ్యూజన్ విభాగం ఈ పనికి సరిపోతుంది, బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ చేయవచ్చు. రెండు చిత్రాలను ఒకదాని మీద ఒకటి పెట్టి ప్రతి కిటికీకీ విడిగా మాస్క్ (ఆ భాగాన్ని మాత్రమే మార్చడానికి గీసే హద్దు) గీయండి. అన్ని దీపాలనూ ఒకే విధంగా ఆర్పితే స్విచ్ నొక్కినట్టు ఉంటుంది. ట్యూబ్‌లైట్ ఒక్క ఫ్రేములో ఆరుతుంది. పాత ఫిలమెంట్ బల్బు చల్లారుతూ నాలుగైదు ఫ్రేముల పాటు ఎర్రగా మిగిలి పోతుంది. కొన్ని ఎల్‌ఈడీలు కొద్దిసేపు నిలిచి మసకబారుతాయి. వీధి చివరి మేడలో ఒక్క కిటికీని వెలుగుతూనే ఉంచండి. ఆ ఇంటికి ఇన్వర్టర్ ఉందన్న మాట, దాని వెనుక ఉన్న కలిమి లేముల మాట సంభాషణ లేకుండానే తెరమీదకు వస్తాయి.

నటి కిటికీకి అడ్డంగా కదిలితే ఆమె అంచులను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీయవలసి వస్తుంది. దానికి ప్రత్యామ్నాయంగా కిటికీ బయట ఆకుపచ్చ గుడ్డ కట్టే పద్ధతి ఉంది గానీ, గది చీకటయ్యాక కూడా ఆ గుడ్డకు వెలుతురు కావాలి, ఆ వెలుతురు గదిలోకి పాకుతుంది. అందుకే ఆమెను కిటికీకి కుడివైపు కూర్చోబెట్టి, సన్నివేశమంతా ఆ గీత దాటకుండా నటనను అమర్చడమే ఉత్తమం. వారం రోజుల కంప్యూటర్ పనిని తప్పించే నిర్ణయం అలా పీట వేసే చోటును బట్టి ఉంటుంది.

మరో రెండు జాగ్రత్తలు. చీకటి వీధి కోసం ఒకే స్టిల్ ఫోటో వాడవద్దు, మిగతా ఫ్రేములో కదిలే నాయిస్ (చీకటి బొమ్మలో మెదిలే సన్నని చుక్కలు) ఆ భాగంలో గడ్డకట్టి అతుకు బయటపడుతుంది. గాలిలో దూది నుసి తేలుతున్నట్టు చేర్చాలనుకుంటే చాలా తక్కువగా చేర్చండి, ట్యూబ్ ఆరిన ఫ్రేములోనే దాన్నీ ఆపేయండి. నుసి తనంతట వెలగదు, దాన్ని చూపిన వెలుతురు పోయాక అది కనిపించకూడదు.

8. ఫ్రేముల లెక్కలో కలపడం

టైమ్‌లైన్‌లో ట్యూబ్ ఆరిన ఫ్రేమును సున్నా అనుకోండి. అదే ఫ్రేములో కిటికీ దీపాలు ఆరడం మొదలవుతుంది. వెనుక షెడ్డులో సాంచా ఆగే ధ్వనిని సున్నా దగ్గర, మధ్య దూరపు షెడ్డుది 8వ ఫ్రేము దగ్గర, వీధి చివరిది 24వ ఫ్రేము దగ్గర మొదలయ్యేలా పేర్చండి. ఒక్కో ఫ్రేముకు సుమారు 14 మీటర్ల దూరం అన్నది గుర్తుంచుకుంటే ఏ వీధికైనా ఈ లెక్క వేసుకోవచ్చు. దూరపు పొరలు క్రమంగా చిన్నవిగా, మెత్తగా ఉండాలి.

కొడుకు గొంతు వాల్యూమ్‌ను మోత ఉన్నప్పుడు తగ్గించి, ఆగాక పెంచే ప్రలోభానికి లోనుకావద్దు. ఆ గొంతు మొదటి నుంచి చివరి దాకా ఒకే స్థాయిలో ఉండాలి. మోతే దాన్ని కప్పుతుంది, మోత తప్పుకోవడమే దాన్ని బయటపెడుతుంది. వాక్యం మొదటి భాగం మోత కింద నలిగి, "రాలేనవ్వా" అన్న చివరి మాట మాత్రం ఖాళీలో పడేలా జరుపుకుంటూ సరిచూడండి. రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా ఫలితం మారిపోతుంది, ఇక్కడ ఒక పూట గడిపినా వృథా కాదు.

ఆ తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని పూర్తి శూన్యంగా వదిలితే ప్రేక్షకుడు ధ్వని చెడిపోయిందనుకుంటాడు. మనం పట్టుకున్న గది నిశ్శబ్దం అక్కడ ఉండాలి. దాని మీద ఒక్క ధ్వనిని మాత్రమే ఎంచుకోండి. నా ఎంపిక, వీధి చివర ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతూ పాడుతున్న ఉయ్యాల పాట. అది మొదటి నుంచీ అక్కడే ఉంది, సాంచాల మోత ఇంతసేపూ దాన్ని కప్పింది. కరెంటు లేదు కాబట్టి డీజే పెట్టెలు ఉండవు, చప్పట్లు, నోటి పాట మాత్రమే వినిపించాలి. అయిదారుగురు మహిళలతో ఆరుబయట పాడించి, 50 మీటర్ల దూరంలో మైకు పెట్టి రికార్డు చేయండి. స్టూడియో పాటకు ప్రతిధ్వని కలిపినంత మాత్రాన ఆ దూరం రాదు.

9. మిక్సింగ్, చివరి పరీక్షలు

లఘుచిత్రాన్ని ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు. ఫోన్ స్పీకర్లు కింది పౌనఃపున్యాలను దాదాపు వదిలేస్తాయి. మీ సాంచాల మోత అంతా గుబగుబలోనే ఉంటే ఫోనులో అది మాయమై, కొడుకు మాట మొదటి నుంచీ తేటగా వినిపించి సన్నివేశం కూలిపోతుంది. గుమ్మం దగ్గర రికార్డు చేసిన నాడె టకటకను కొంత కలిపి, మాటను కప్పే పని ఫోనులోనూ జరుగుతోందో లేదో వినండి. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే సగటు గట్టిదనపు కొలత) కన్నా పెద్దగా ఉన్న ధ్వనిని తానే తగ్గిస్తుంది కనుక అంతకు మించి బిగించడం వల్ల లాభం లేదు.

బొమ్మ ఆపి ధ్వని మాత్రమే వినండి. కరెంటు పోయిన సంగతి చెవితోనే తెలియాలి. తరువాత ధ్వని ఆపి బొమ్మ మాత్రమే చూడండి. తల్లికి ఏదో చేదు సంగతి తెలిసిందని ముఖంలోనే తెలియాలి, అది ఏమిటో మాత్రం తెలియకూడదు. ఏదైనా ఒకటి ఒంటరిగానే మొత్తం కథ చెప్పేస్తుంటే రెండవదాన్ని తగ్గించండి. తెర వెలుగును పూర్తిగా పెంచి నల్లని భాగాలను పరిశీలిస్తే కిటికీ మాస్కుల అంచులు, నాయిస్ తేడాలు బయటపడతాయి.

చివరగా, రంగుల దిద్దుబాటు మొదలుపెట్టే ముందే ఈ కూర్పును సాంచాలు నడిపే ఇద్దరు ముగ్గురికి, బిడ్డలు గల్ఫ్‌లో ఉన్న తల్లులకు చూపించండి. నచ్చిందా అని అడగవద్దు. కరెంటు పోయినట్టు ఎప్పుడు తెలిసింది, కొడుకు మాట ఎక్కడి నుంచి వినిపించింది, ఏ చప్పుడు మీ ఇంట్లో ఇలా ఉండదు అని అడిగి, వారు చెప్పిన చోట్లను టైమ్‌లైన్ మీద గుర్తు పెట్టుకుని, ఆ ఫ్రేముల దగ్గరికి తిరిగి వెళ్లి పని చేయండి.